నీరు తన ఇల్లు మరచిపోదు

"నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు" అని మన పెద్దల మాట. ఈ సామెతలోని మొదటి సగాన్ని మన హైదరాబాదు నగరం మరచిపోయినది. ఏటా వానకాలంలో వీధులు ఏరులు కావడం, ఇండ్లలో మోకాటిలోతు నీరు నిలవడం, మరునాడు పత్రికలలో ఫోటోలు పడడం మనకు అలవాటైపోయినది. ప్రకృతి వైపరీత్యమని ఒక్క మాట అనుకొని ఊరకుంటున్నాము. వాన కురియడం ప్రకృతి పని. కురిసిన వానకు దారి లేకుండా చేయడం మాత్రం మానవుని పనియే. ఈ భేదాన్ని విద్యార్థులమైన మనం గుర్తించనిచో రేపటి వరదకు మనం కూడా బాధ్యులమే కాగలము.

1908 సెప్టెంబరు 28వ తేదీ ఈ నగరం మరువరాని దినం. ఆనాడు మూసీ ఉప్పొంగి అఫ్జల్ గంజ్ పరిసరాలను, నదీతీరపు పేటలను ముంచివేసినది. సుమారు 15,000 మంది మరణించినారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలను ఆశ్రయించి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారు. రుబాయీలకు ప్రసిద్ధులైన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని ఒంటరిగా మిగిలినారు.

ఆ మరుసటి సంవత్సరం నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించినది. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుండగా వాటిలో 221 చెరువులు తెగిపోయినవని ఆయన పరిశీలనలో తేలినది. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరంతా దిగువ చెరువుపై పడుతుంది. అదీ తెగితే ఆ రెండింటి నీరూ మూడవ దానిపై పడుతుంది. ఇట్లు నగరాన్ని చేరునప్పటికి అది వాననీరుగా గాక ప్రళయంగా మారినది. ఆయన సూచనల ఫలితంగానే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వెలసినవి. చెరువును బాగుగా చూచుకొన్నచో అది మనలను కాపాడుతుందనీ, నిర్లక్ష్యం చేసినచో అదే మనపై విరుచుకుపడుతుందనీ ఆ వరద నేర్పిన పాఠం.

పూర్వులు చెరువులను విడివిడిగా గాక గొలుసుగా నిర్మించినారు. ఎగువ చెరువు నిండితే నీరు మత్తడి దుమికి, నాలా గుండా దిగువ చెరువును చేరేది. నీరు నిలిచే శిఖం భూమిలో ఎవరూ ఇల్లు కట్టేవారు కారు. ఆ చెరువుల గుర్తులు మన పేటల పేర్లలో నేటికీ ఉన్నవి. తలాబ్ కట్ట, మాసాబ్ ట్యాంక్ వంటి పేర్లను మనం దినదినమూ పలుకుతాము. ఉర్దూలో తలాబ్ అన్నా, తెలుగులో చెరువన్నా, కుంట అన్నా, ఆ పేర్లు చెప్పే సంగతి ఒక్కటే: ఇది నీటి ఇల్లు. ఆ ఇంటిని మనం ప్లాట్లుగా విభజించినాము. నాలాలను ఇరుకు చేసి, మిగిలిన దారిలో చెత్తను, ప్లాస్టిక్ సంచులను కుక్కినాము. నీరు ఇంకే నేలను సిమెంటుతో కప్పినాము.

ఫలితం మన కళ్ళ ముందే ఉన్నది. 2000 ఆగస్టులో ఒక్క దినాన సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసి నగరం మునిగినది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లకు మించి కురిసినది. పల్లె చెరువు తెగి అల్ జుబైల్ కాలనీ మునిగినది. కొద్ది దినాలకే గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ ఇండ్లలోకి నీరు వచ్చినది. 112 సంవత్సరాల తరువాత కూడా చెరువు కట్టలే తెగినవి. భూతాపం పెరిగి కుండపోత వానలు అధికమగుచున్న ఈ కాలంలో ఇది మరింత ఆలోచించవలసిన విషయం.

ఆ అక్టోబరులో మేము పాఠశాల విద్యార్థులము. కరోనా వలన బడులు మూతపడిన కాలమది. అప్పుడు మనవారు చూపిన మానవత్వం కొనియాడదగినది. మసీదుల మైకులలో హెచ్చరికలు వినిపించినవి. షాదీఖానాల తలుపులు తెరచుకొన్నవి. దేగ్‌లకొద్దీ కిచిడీ వండి, మతమేదని అడుగకుండా, మేడల మీద చిక్కుకొన్నవారికి అందించినారు. యువకులు తాళ్ళు పట్టుకొని వృద్ధులను దాటించినారు. నీరు తీసిన తరువాత అన్యుల ఇండ్లలోని బురదను తమ చేతులతో ఎత్తిపోసినారు.

కాని ఆ సేవకు ఆయుష్షు ఎంత? వారం, పది దినాలు. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయల సహాయం ప్రకటించినది. తడిసిన కుట్టుమిషనుకు, మగ్గానికి, కిరాణా సరుకుకు, చీకిపోయిన పరుపులకు ఆ మొత్తం ఏ మూలకు? కిచిడీ బండి వెళ్ళిపోయిన తరువాతనే అసలు కష్టం మొదలైనది. అప్పు తెచ్చి అంగడి తెరచినవారు, తడిసిన ధ్రువపత్రాలకై కార్యాలయాల చుట్టూ తిరిగినవారు మాలోనూ ఉన్నారు.

ఇచట ఒక చేదు నిజం చెప్పక తప్పదు. ఆక్రమణలన్నీ తొలగించుమని కేకవేయడం సులభం. కాని శిఖం భూమిలో ఇల్లు కట్టుకొన్నవారిలో మన బంధువులున్నారు, మన సహాధ్యాయులున్నారు. గల్ఫ్ దేశాలలో చెమటోడ్చిన డబ్బుతోనో, తల్లి నగలమ్మిన డబ్బుతోనో 60 గజాలు కొన్నవారు వారు. చెరువును ముక్కలు చేసి అమ్మినవాడు లాభంతో వెళ్ళిపోయినాడు. కాగితాలకు ముద్ర వేసినవాడు పదవీ విరమణ చేసినాడు. కొన్నవాడు మాత్రం వానకు ఒకమారు, బుల్డోజరుకు ఒకమారు బలి అవుతున్నాడు. ఇది న్యాయం కాదు. నీటికి దారి ఇవ్వవలసినదే. అయితే పేదవానికి ముందు ప్రత్యామ్నాయ గృహం చూపి, తరువాత గోడ తాకవలెను. అమ్మినవారిని శిక్షించకుండా కొన్నవారిని మాత్రమే వెళ్ళగొట్టడం సగం న్యాయమైనా కాజాలదు.

మరి మనమేమి చేయగలము? వరద తరువాత చూపే ఐకమత్యాన్ని వరదకు ముందే చూపుదామని మా మనవి. ఏటా మృగశిర కార్తెకు ముందే విద్యార్థులు జట్లుగా తమ పేటల నాలాలను నడిచి చూచి, ఎచట పూడినదో, ఎచట ఇరుకైనదో పటం గీసి పురపాలక అధికారులకు అందజేయవచ్చును. పల్లపు వీధులలోని వృద్ధుల, రోగుల పట్టిక సిద్ధపరచవచ్చును. ప్లాటు కొనబోయే కుటుంబాలకు పాత రెవెన్యూ పటాలు చదివి వినిపించవచ్చును. ఈ పనికి ఒక శాశ్వత విద్యార్థి సంఘాన్ని నెలకొల్పవలెననీ, విద్యార్థుల ధ్రువపత్రాల నకళ్ళను కళాశాలలో భద్రపరచవలెననీ పాలక సంఘం వారిని సవినయంగా కోరుచున్నాము. జకాత్, విరాళాలు ఇచ్చే దాతలు అందులో కొంత భాగాన్ని తరువాతి నెలలలో జీవనోపాధి పునరుద్ధరణకై కేటాయించినచో మరింత మేలు.

పోయినదనుకొన్న నీరు తిరిగి రాగలదనడానికి అంబర్‌పేటలోని బతుకమ్మ కుంటయే సాక్షి. పూడిపోయిన ఆ కుంట 2025లో మరల నీటితో నిండినది. నీరు తన ఇల్లు మరచిపోదు. మనం దానికి ఇల్లు మిగిల్చితే, అది మన ఇండ్లను మనకు మిగుల్చుతుంది.