ఇరుసుకు ముందు, ఇరుసుకు వెనుక

నాగారం వైపు ఇల్లు మారి వచ్చే కుటుంబాలను మేము తరచూ చూస్తూనే ఉంటాము. మొన్న ఒక సాయంత్రం రాంపల్లి చౌరస్తా సమీపాన కనిపించిన దృశ్యం మాత్రం మమ్ములను కలవరపరచింది. ఒక జీపు, దాని వెనుక చిన్న ట్రాలీ. బీరువా, ఫ్రిజ్, బియ్యం బస్తాలు అన్నీ ట్రాలీ చివరనే పేర్చారు. పైన పరుపుల మీద ఇద్దరు పిల్లలు! ఆపి అడిగితే, "దగ్గరే కదా భాయ్‌సాబ్, అల్లాహ్ మీద భారం వేశాము" అన్నారు ఆ తండ్రి. ఒంటెను ముందుగా కట్టివేయమన్న ప్రవక్త (స) బోధ ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. ఎలా కట్టాలన్నదే అక్కడి ప్రశ్న.

ఎడ్లబండి తోలిన రైతుకు ఈ విద్య కొత్త కాదు. వెనుక బరువైతే కాడి పైకి లేస్తుంది, ముందు బరువైతే ఎడ్ల మెడలు అణగిపోతాయి. ఎద్దు తన బాధను ఏదో విధంగా తెలుపుతుంది, జీపు తెలుపదు. ట్రాలీ చివర బరువు పెరిగితే కొక్కెం జీపు వెనుక భాగాన్ని పైకి ఎత్తుతుంది, వెనుక చక్రాల పట్టు సడలుతుంది, వేగం హెచ్చిన కొద్దీ ట్రాలీ పాములా ఊగుతుంది. కనుక బరువైన వస్తువులు అడుగున, ఇరుసుకు కొంచెం ముందుగా ఉండాలి. ట్రాలీ, సామాను కలిసి 500 కిలోలైతే కొక్కెం మీద సుమారు 50 కిలోలు పడాలి. అంతకు మించి ముందుకు నెట్టినా ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు.

తాళ్లు మొదటి కిలోమీటరులోనే వదులవుతాయి. ఆగి మళ్లీ బిగించవలసిందే. కొక్కెం ఊడినా ట్రాలీ విడిపోకుండా రెండు గొలుసులు అడ్డంగా దాటించి తగిలించాలి. ఊగడం మొదలైతే బ్రేకును గట్టిగా తొక్కరాదు. ఆక్సిలరేటర్ నుండి కాలు తీసి స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకోవాలి.

ఇక పిల్లల మాట. 2018 జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు మహిళలు. వారు కూడా దగ్గరి పొలానికే బయలుదేరారు. ట్రాలీలో మనిషిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

ఆ మాట విన్న తల్లి మారు పలుకక పిల్లలను దింపుకున్నది. మేము నలుగురం కలిసి బీరువాను ముందుకు జరిపి, తాళ్లు మార్చి కట్టేసరికి మగ్రిబ్ అజాన్ వినిపించింది. పిల్లలు జీపులో తల్లి పక్కన ఇరుక్కుని కూర్చున్నారు, పరుపుల మీద చోటు పోయినందుకు మాపై అలిగి.