యంత్రహస్తమునకు మాతృభాషలో సమ్మతి

గత మాసమున అత్తిబెలె పరిసరమునకు చెందిన ఒక పెద్దవారు తమ కుమారునితో మన సంఘ కార్యాలయమునకు వచ్చిరి. వారికి ప్రోస్టేటు గ్రంథి ఆపరేషను అవసరమని నగరములోని ఒక ఆస్పత్రిలో చెప్పినారట. చేతికిచ్చిన సమ్మతి పత్రము పలు పుటలది, అంతయు ఇంగ్లీషు. పెద్దవారు చదువుకొన్నవారు కారు. కుమారుడు కన్నడ బడిలో చదివినవాడే గాని, ఆ పత్రములోని వైద్య పరిభాష ఆతనికిని కొరుకుడు పడలేదు. "రోబో చేస్తాదంట, డాక్టరు దూరంగా కూచుంటాడంట. వేలిముద్ర వేసేదా వద్దా, మీరే చెప్పండి సామీ" అని ఆ పెద్దవారు మమ్మడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు మేమును కొంత చదువవలసి వచ్చినది. తెలిసికొన్న దానిని పాఠకుల ముందుంచుట మా విధి.

మొదట భయమును గూర్చి. రోబో తనంతట తాను కత్తి పట్టదు. రోగి కడుపుపై కొన్ని చిన్న రంధ్రములు చేసి, బొగ్గుపులుసు వాయువుతో కడుపును ఉబ్బించి, ఆ రంధ్రముల గుండా ఒక కెమెరాను, సన్నని పనిముట్లను లోనికి పంపుదురు. వాటిని పట్టుకొని యుండునవి యంత్రపు చేతులు. ఆ చేతులను నడుపువాడు మాత్రము సాధారణముగా అదే గదిలో కొలది అడుగుల దూరమున కూర్చున్న శస్త్రవైద్యుడే. లోపలి దృశ్యము ఆయనకు పెద్దదిగా, లోతుతో సహా కన్పించును. ఆయన మణికట్టు త్రిప్పిన రీతిగనే లోపలి పనిముట్టు తిరుగును. చేతి వణకును యంత్రము వడగట్టును. రోగి ప్రక్కన మరియొక వైద్యుడును నర్సులును నిలిచియే యుందురు. ప్రోస్టేటు వలె ఇరుకైన చోట దాగియున్న అవయవమును చేరుటకు ఈ సాధనము అనుకూలము. కావున భయమునకు కారణము తక్కువ.

ఈ విద్య పెరుగుదలలో తెలుగువాని చేయియు నున్నది. డావిన్సీ అను యంత్రమునకు అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ సంస్థ 2000వ సంవత్సరమున అనుమతి నిచ్చినది. మరుసటి యేట డెట్రాయిట్ ప్రాంతమున స్థిరపడిన మన రాజ్ వట్టికూటి గారు హెన్రీ ఫోర్డ్ ఆస్పత్రికి భారీ విరాళ మిచ్చిరి. అచ్చట వారి యింటిపేర వెలసిన యూరాలజీ సంస్థలో డాక్టరు మణి మీనన్ గారు ప్రోస్టేటు కాన్సరుకు రోబో శస్త్రచికిత్సను క్రమపద్ధతిగా తీర్చిదిద్దిరి. 2023లో హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలోను రోబో శస్త్రచికిత్సలు ఆరంభమైనవి. గురుగ్రామమున తయారైన మంత్ర అను స్వదేశీ యంత్రమును నేడు మన వైద్యులు వాడుచున్నారు. ఇవి సంతోషింపదగిన విషయములు.

కాని, ప్రతి కొత్త యంత్రమును ఎవరో ఒకరి దేహముపై మొట్టమొదట పరీక్షింపక తప్పదు. ప్రయోగశాలలో పరీక్షించి, జంతువులపైనను మృతదేహములపైనను పరీక్షించి, తుదకు బ్రతికియున్న మనుష్యుని యొద్దకు వచ్చెదరు. వెర్సియస్ అను బ్రిటిషు యంత్రమునకు ఆ తొలి మానవ పరీక్ష జరిగినది ఇంగ్లాండులో కాదు. 2019లో, మన పూణే నగరమున. మొదటి 30 మందికి పిత్తాశయము, ఉండుకము, గర్భాశయము మొదలైన ఆపరేషన్లు చేసిరి. అన్నియు యంత్రముతోనే పూర్తియైనవనియు, నడుమ పద్ధతి మార్చవలసిన అవసరము రాలేదనియు ప్రకటించిరి. ఆ ముప్పదిమంది పేర్లు లోకమునకు తెలియవు. నేడు అట్టి యంత్రముతో ప్రాణము దక్కించుకొనువారందరును వారికి ఋణపడి యున్నారు.

కొత్తది గనుక మేలైనదే యనుటయు పొరపాటు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమున ప్రోస్టేటు కాన్సరు రోగులను రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు రోబోతోను, రెండవ వర్గమునకు కోత ఆపరేషనుతోను చికిత్స చేసిరి. 2016లో వెలువడిన ఫలితములను బట్టి, 12 వారముల తరువాత మూత్రమును పట్టియుంచు శక్తిలో ఇరు వర్గములకు చెప్పుకోదగిన భేదము లేదు. రోబో వర్గమున రక్తస్రావము మాత్రము తక్కువ. 2017లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో పురీషనాళపు కాన్సరుగల 471 మందిని పరిశీలించిరి. రోబోను వాడినందువలన, మామూలు లాప్రోస్కోపీ కంటె, నడుమ కడుపు కోయవలసిన అవసరము గణనీయముగా తగ్గలేదు. ఖర్చు మాత్రము రోబోకే అధికము. కావున యంత్రము కంటె, దానిని నడుపు చేతి అనుభవమును ముందుగా విచారింపవలెను.

ఇక అసలు విషయము. 2017 నాటి వైద్య పరికరముల నిబంధనల ప్రకారము, కొత్త పరికరమును మనుష్యులపై పరీక్షించుటకు ప్రభుత్వ అనుమతియు, నైతిక సంఘము ఆమోదమును ఉండవలెను. రోగికి అర్థమగు భాషలో సంగతి యంతయు చెప్పవలెను. రోగి చదువజాలనివాడైనచో, ఆద్యంతము ఒక నిష్పక్షపాత సాక్షి యుండి సంతకము చేయవలెను. పరీక్ష నుండి ఎప్పుడైనను తప్పుకొను హక్కు రోగికి కలదు. అందువలన అతని వైద్యమునకు లోపము రారాదు. పరీక్ష కారణముగా హాని కలిగినచో ఉచిత వైద్యమును, నష్టపరిహారమును పొందవచ్చును. పరీక్ష కాని మామూలు ఆపరేషను విషయమునను, చేయు పని, దాని లాభనష్టములు, దానికి మారుగానున్న మార్గములు రోగికి తెలుపవలెనని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసున తీర్పు చెప్పినది.

శాసనమున ఇంత స్పష్టముగా నున్నను, ఆచరణలో తెలుగు రోగి చేతికి ఇంగ్లీషు పత్రము వచ్చుచున్నది. వైద్యులకు తీరిక లేదందురు. బెంగళూరులో భాషలు పెక్కు లందురు. రెండును నిజమే. కాని గంటల కొలది ఓపికతో దేహమును కోసి కుట్టు విద్యావంతులు, అర్ధగంట మాట కొరకు వెచ్చింపలేరా? మేము తెలుగునకు ప్రత్యేక గౌరవమేమియు అడుగుట లేదు. కన్నడ సోదరునికి కన్నడమున, సరిహద్దు దాటి వచ్చు తమిళ సోదరునికి తమిళమున, మనకు తెలుగున చెప్పుడని మాత్రమే కోరుచున్నాము. అర్థము కాని పత్రముపై వేసిన వేలిముద్ర సిరా మరక మాత్రమే, సమ్మతి కాదు.

మన వంతు కర్తవ్యమును ఉన్నది. రోగియు, బంధువులును సంకోచము విడిచి అడుగవలెను: ఇది పరీక్షయా, మామూలు చికిత్సయా? ఈ యంత్రముతో మీరు ఎన్ని ఆపరేషన్లు చేసితిరి? యంత్రము మొరాయించినచో ఏమి చేయుదురు? ఇతర మార్గము లేమి? మొత్తము ఖర్చెంత? ఈ ప్రశ్నలను గౌరవముతో అడిగిన యెడల ఏ మంచి వైద్యుడును కోపగించుకొనడు.

ఆ పెద్దవారితో మేము వేలిముద్ర వేయుమనియు అనలేదు, వలదనియు అనలేదు. మనవారొకరు తోడుగా వెళ్ళిరి. అది పరీక్ష కాదనియు, ఆస్పత్రిలో కొంతకాలముగా వాడుచున్న యంత్రమే ననియు తెలిసినది. వైద్యుడు కాగితముపై బొమ్మ గీచి, వచ్చిన తెలుగులోనే ఓపికగా వివరించిరి. పెద్దవారు మరి రెండు ప్రశ్నలడిగి, ఇంటికి పోయి ఆలోచించి, మూడవనాడు తామే సమ్మతించిరి. ఆపరేషను జరిగినది; కోలుకొనుచున్నారు.

ప్రతి రోగికిని ఇట్టి తోడు దొరకవలెను. తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడును తెలిసి, వారమున ఒక పూట ఆస్పత్రికి తోడు వెళ్ళగల సభ్యులు తమ పేర్లను మన కార్యాలయమున నమోదు చేయింప ప్రార్థన. సమ్మతి పత్రములను తెలుగున కూడ ముద్రింపుడని ఆస్పత్రులకు పంపు విన్నపముపై సంతకములు చేయుటకును అదే చోటికి రాగలరు.