కోటి రూపాయల కల... కొనేదెప్పుడు?

శుక్రవారం సాయంత్రం ఏడు గంటలు. సైబర్ టవర్స్ దగ్గర సిగ్నల్ పడింది. ఆటోలు, క్యాబులు, ఆఫీసు బస్సుల మధ్యలో నేలకి ఆనుకున్నట్టుండే ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి గుర్రుమంటూ ఆగింది. పక్కన బైకు మీదున్న కుర్రాడు సెల్‌ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. వెనక క్యాబులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు మాత్రం ఫొటో తీయలేదు. లెక్క వేసుకున్నాడు. 'కంపెనీ ఇచ్చిన షేర్లు అమ్మితే డౌన్ పేమెంటు వస్తుంది. మిగతాది లోను. ఈఎంఐ కట్టగలను. ముప్పై అయిదు వచ్చేశాయి. ఇంకెప్పుడు కొంటాం?'

ఈ ప్రశ్న తప్పేం కాదు. కష్టపడి సంపాదించుకున్నవాడికి కల కనే హక్కుంది. కాకపోతే 'ఈఎంఐ కట్టగలను' అన్నది ఆ ప్రశ్నకి జవాబు కాదు.

ధర వేరు... ఖర్చు వేరు

షోరూమ్ ధర 80 లక్షలున్న కారు అనుకుందాం. తెలంగాణలో 20 లక్షలు దాటిన కారుకి లైఫ్ ట్యాక్స్ 18 శాతానికి తక్కువ ఉండదు. అంటే కనీసం 14 లక్షల 40 వేలు. పది లక్షలు దాటిన కారు మీద షోరూమ్‌వాళ్లు ఒక శాతం ఆదాయపు పన్ను ముందే వసూలు చేస్తారు. అదో 80 వేలు. రిటర్న్ దాఖలు చేసినప్పుడు సర్దుబాటవుతుంది కానీ ఆరోజు జేబులోంచి తీయాల్సిందే. ఇన్సూరెన్సు కూడా కలిపితే రోడ్డెక్కేసరికి కోటికి దగ్గరపడుతుంది.

విలువ సంగతేంటి? ఇన్సూరెన్సు కంపెనీల లెక్క ప్రకారం ఏడాది దాటిన కారు విలువలో 20 శాతం తగ్గిస్తారు. మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగు దాటితే సగానికి సగం. అయిదేళ్ల లోను తీరేనాటికి చేతిలో మిగిలేది సగం కారన్నమాట! ఇల్లు కొన్నప్పుడు కట్టే ఈఎంఐకీ, కారు కొన్నప్పుడు కట్టే ఈఎంఐకీ తేడా ఇదే.

పక్కింటాయన కొన్నాడుగా!

అదే అపార్టుమెంటులో ఓ వ్యాపారి అలాంటి కారే కొనుంటాడు. ఆయన లెక్క వేరు. వ్యాపారం కోసమని సంస్థ పేరున కొంటే కారు తరుగుదలని ఏటా 15 శాతం చొప్పున ఖర్చుగా చూపించుకునే వీలుంది. ఆ మేరకు పన్ను తగ్గుతుంది. జీతగాడికి ఆ వెసులుబాటు లేదు. పన్ను పోగా చేతికొచ్చిన జీతంలోంచే ప్రతి రూపాయీ కట్టాలి. అందుకే పార్కింగ్‌లో పక్కపక్కన నిలబడ్డ రెండు కార్ల ధర ఒకటే అయినా, యజమానుల మీద పడే బరువు ఒకటి కాదు.

షేరు... అమ్మేదాకా డబ్బు కాదు

ఇక కంపెనీ ఇచ్చే షేర్లు. చేతికొచ్చిన రోజునే వాటి విలువని జీతంగా లెక్కేసి పన్ను వేస్తారు. ఆ తర్వాత ధర పడిపోయినా కట్టిన పన్ను వెనక్కి రాదు. అసలు ప్రమాదం ఇంకొకటుంది. జీతమిచ్చేదీ, షేర్లిచ్చేదీ ఒకే కంపెనీ.

ఈ సంగతి హైదరాబాద్‌కి తెలిసినంతగా ఏ ఊరికీ తెలియదు. 2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం జరిగిందంటూ లేఖ బయటపెట్టారు. ముందురోజు 180 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడిపోయింది. షేర్లు దాచుకున్న ఉద్యోగికి దాచుకున్నదీ పోయింది, వచ్చే నెల జీతం మీదా అనుమానం మొదలైంది. రెండూ ఒకేరోజు! ఆ ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ముందుకొచ్చేదాకా ఎన్నో ఇళ్లలో నిద్రల్లేవు.

మోసమే జరగక్కర్లేదు. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ ప్రపంచవ్యాప్తంగా 10 వేలు, గూగుల్ 12 వేల ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించాయి. ఉద్యోగం పోయిన నెలలోనూ ఈఎంఐ తేదీ మాత్రం మారదు. అప్పుడు కారు అమ్ముదామంటే కొనేవాడు ఆ అవసరాన్ని చూసే బేరమాడతాడు.

నాన్న స్కూటరు

ఆ రాత్రి నల్లగండ్లలోని ఫ్లాటులో భోజనాల దగ్గర ఇంజినీరు మాట కదిపాడు. ఖమ్మంలో మాస్టారుగా రిటైరై కొడుకు దగ్గరే ఉంటున్న తండ్రి శ్రద్ధగా విన్నాడు.

"మంచి కారేరా. ఎంత కట్టాలి నెలకి?"

"డెబ్భై లక్షలు లోను నాన్నా. తొమ్మిది శాతం వడ్డీ. అయిదేళ్లు. నెలకి లక్షా నలభై అయిదు వేలు."

"అంటే వడ్డీయే పదిహేడు లక్షలు" అన్నాడు లెక్కల మాస్టారు. కోడలు ముద్ద కలపడం ఆపి భర్త వంక చూసింది.

తండ్రి కోప్పడలేదు. తన చేతక్ స్కూటరు సంగతి చెప్పాడు. ఆ రోజుల్లో బజాజ్ చేతక్ బుక్ చేస్తే చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచిపోయేవి. ఈలోగా డబ్బు పోగయ్యేది. బండి ఇంటికొచ్చిన రోజున ఒక్క రూపాయి అప్పు లేదు. "అప్పుడు మమ్మల్ని కంపెనీ ఆపింది. ఇప్పుడు మిమ్మల్ని ఆపేవాళ్లు లేరు. మీరే ఆగాలి" అన్నాడు.

ఈఎంఐ తిరగేస్తే...

ఆ మాటలో మంచి కిటుకుంది. బ్యాంకుకి కట్టబోయే ఆ లక్షా నలభై అయిదు వేలనీ ముందు తన పేరునే రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోవాలి. పన్ను పోను మిగిలే వడ్డీతో కలిపి 44 నెలల్లో దాదాపు 70 లక్షలు సిద్ధం. లోనయితే 60 నెలలు. అంటే 16 వాయిదాలు, దాదాపు 23 లక్షలు మిగిలినట్టే! ఈలోగా కారు ధర పెరిగినా ఆ డబ్బు కాచుకుంటుంది.

ఇది పొదుపొక్కటే కాదు, రిహార్సల్ కూడా. పదో నెలకే పాప స్కూలు ఫీజుకో, ఊళ్లో ఇంటి మరమ్మతుకో ఆ డబ్బు తీయాల్సి వచ్చిందా? కారుకి వేళ కాలేదని అప్పు చేయకుండానే తెలిసిపోతుంది. నలభై నెలలయ్యేసరికి ఆ మోజే తీరిపోయిందా? చేతిలో 60 లక్షలకి పైనే ఉంటాయి. రెండూ లాభమే.

ఈలోగా ఆ కారు ఎక్కడ నడుపుతామో కూడా చూసుకోవచ్చు. రోజూ మాదాపూర్ నుంచి గచ్చిబౌలికి పాకే ట్రాఫిక్‌లో కోటి రూపాయల కారూ ఆటో వెనకాలే ఆగాలి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద కూడా గరిష్ఠ వేగం గంటకి 120 కిలోమీటర్లే. స్పీడ్ బ్రేకర్లకి అడుగు తగలకుండా ఇంటికి చేరగలమో లేదో టెస్ట్ డ్రైవ్‌లోనే తేల్చుకోవాలి.

మరి కొనేదెప్పుడు?

ఇంటి లోను జీతానికి బరువు కానప్పుడు. ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉన్నప్పుడు. అమ్మానాన్నల ఆరోగ్య బీమా, పిల్లల చదువు డబ్బు దీంతో కలవనప్పుడు. కంపెనీ షేర్లు అమ్మేసి డబ్బుగా మార్చుకున్నాక. అన్నిటికీ మించి భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీద ఉన్నప్పుడు. ఒక్క ముక్కలో చెప్పాలంటే... రేపు ఉద్యోగం పోయినా, కారు దెబ్బతిన్నా ఇంట్లో ఎవరి కంచంలోనూ ఏ మార్పూ రాకూడదు. అదీ ముహూర్తం!

సోమవారం ఇంజినీరు షోరూముకి వెళ్లలేదు. బ్యాంకు యాప్‌లో రికరింగ్ డిపాజిట్ తెరిచాడు. పేరు పెట్టమని అడిగితే 'ఎర్ర కారు' అని కొట్టాడు. సాయంత్రం ఆ సంగతి చెబితే మాస్టారు నవ్వారు.

"నలభై నాలుగు నెలలేగా! నా స్కూటరు కంటే నీ కారే ముందొస్తుందిరా."