బ్రష్షు పెట్టక ముందే చూడాలి!

కార్మిక సోదరులారా!

"మగ్గం నడిపిన వాడికి టైటానియం వెల్డింగ్ ఎందుకయ్యా? అది విమానాలకు వాడే లోహం. మీ వల్ల కాదు." మా ప్రాసెస్ హౌసులో ఒక ఇంజనీరు దొర అన్న మాట ఇది. ఆయన అలా అనడంలో వింతేమీ లేదు. కానీ మన మీటింగులోనే ఒక పెద్దాయన లేచి "కొత్త పని నేర్చుకోవడమంటే గిర్ని మూతకు ఒప్పుకున్నట్టే" అన్నాడు. నా లెక్కలో ఇద్దరి మాటా తప్పే. ఇద్దరికీ జవాబు చెప్పాలి.

ముందు దొర సంగతి. టైటానియం మన ఖాతాల్లోకి ఏనాడో వచ్చింది. పాలియెస్టర్ నూలులో మనం "సెమీ డల్" అనే రకానికి ఆ మసక తెచ్చేది టైటానియం డయాక్సైడ్ పొడే. సోడియం క్లోరైటుతో బ్లీచింగ్ చేసే చోట క్లోరిన్ డయాక్సైడ్ గ్యాసు పుడుతుంది. అది స్టెయిన్‌లెస్ స్టీలును సైతం తినేస్తుంది. అందుకే అక్కడ టైటానియం భాగాలు పెడతారు. టైటానియం ఖనిజమైన ఇల్మనైటును ఒడిశాలో గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుక నుంచి తీస్తున్నారు. 1973లో హైదరాబాదులో పెట్టిన మిధాని టైటానియం మిశ్రలోహాలు తయారు చేస్తోంది. తెలుగువాళ్లున్న చోటే ఖనిజం, తెలుగువాళ్లున్న చోటే ఫ్యాక్టరీ. అతికే పని మాత్రం తెలుగు కార్మికుడికి రాదట!

రంగు చూసి మంచీ చెడూ చెప్పడం మనకేమైనా కొత్తా? షేడు పిసరంత తేడా వస్తే గుడ్డను పగటి వెలుగులోకి తెచ్చి "ఇది పాస్ కాదు" అనేది డైయింగ్ ఖాతాలో మనవాడే. వెల్డులో ఆ రంగును ఎవరూ అద్దరు, వేడికి అదే పుడుతుంది. కాగిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసవుతుంది. పైన ఆక్సైడ్ పొర కడుతుంది. వాన నీటి మీద నూనె చుక్క రంగులు చూపినట్టు, ఆ పొర మందం పెరిగే కొద్దీ రంగు మారుతుంది. వెండిలా మెరిస్తే ఆర్గాన్ కవచం బాగా నిలిచినట్టు. లేత గడ్డి రంగు, ముదురు గడ్డి రంగు మామూలుగా ఒప్పుకుంటారు. ఊదా, నీలం వస్తే గాలి తగిలిందని అర్థం. రసాయనాలు పారే చోట, ప్రాణాల మీదికి వచ్చే చోట దాన్ని వదలకూడదు. బూడిద రంగో తెల్ల పొడో కనిపిస్తే ఇక మాటే లేదు, ఆ అతుకు కోసి పారెయ్యాలి.

ఆ మెరుపు రావాలంటే శుద్ధమైన ఆర్గాన్ కావాలి. టార్చి నుంచి వచ్చే గ్యాసు ఒక్కటే చాలదు. వెనక సాగే తోక షీల్డు, పైపు లోపలి వైపు కూడా గ్యాసు ఉండాలి. ఆర్కు ఆపగానే టార్చి లేపెయ్యకూడదు. లోహం సుమారు 425 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి చల్లారేదాకా ఆర్గాన్ పారుతూనే ఉండాలి. ఫిల్లరు కడ్డీ కొస గ్యాసు బయటికి వచ్చి రంగు మారితే ఆ కొస కత్తిరించాలి. అతుకు చోటు ఎసిటోనుతో తుడిచాక వట్టి చేత్తో ముట్టుకోకూడదు. ఇనుము రుద్దిన బ్రష్షు దీని దగ్గరికి తేకూడదు.

ఇందులో చేతకానిదేముంది? కావలసింది ఓపిక, శుభ్రం, గ్యాసు. మొదటి రెండూ మన దగ్గరున్నాయి. మూడోదాని వాల్వు కాంట్రాక్టరు చేతిలో ఉంది.

నా కళ్లతో చూసింది చెబుతాను. షట్‌డౌను ముగిసే రాత్రి బ్లీచింగ్ యంత్రం పైపు వెల్డు చేశారు. ఆర్గాన్ మిగల్చాలని కాంట్రాక్టరు మనిషి వెంటనే వాల్వు కట్టేశాడు. అతుకు నీలంగా, అంచుల్లో బూడిదగా తేలింది. కోసి మళ్లీ చెయ్యాలన్నాను. "నువ్వు హెల్పరువి, నీకెందుకు?" అని బ్రష్షుతో రుద్దించాడు. పొద్దున సూపర్‌వైజరు వచ్చేసరికి అది వెండిలా మెరుస్తోంది. పాసయింది. నెల తిరక్కుండా అదే అతుకు పగిలింది. గ్యాసుకు కళ్లు మండి, దగ్గుతో ఇద్దరు పాళీ మధ్యలోనే ఇంటికి పోయారు. మెమో ఎవరికి వచ్చింది? వెల్డరుకు! గ్యాసు మిగిలితే లాభం కాంట్రాక్టరుకు, అతుకు పగిలితే నేరం కార్మికుడికి. ఇదెక్కడి న్యాయం?

అందుకే రంగును బ్రష్షు పెట్టక ముందే చూడాలి. రుద్దితే పోయేది పైపొర మాత్రమే, లోపలి పెళుసుతనం కాదు.

మనవాళ్లకూ ఒక హెచ్చరిక. వెండి రంగు ఒక్కటే చూసి సంబరపడవద్దు. చల్లారేటప్పుడు పైన కవచం ఎలా నిలిచిందో మాత్రమే రంగు చెబుతుంది. లోపలి రంధ్రాల సంగతి, మురికి కడ్డీ సంగతి దానికి తెలియదు. వెనక వైపు కూడా చూడాలి, నమూనా ముక్క వంచి పరీక్షించాలి. ఆర్గాన్‌కు రంగూ వాసనా ఉండవు, గాలి కంటే బరువు. ట్యాంకులోకి దిగే ముందు ఆక్సిజన్ కొలవకపోతే మనిషి అరిచే వ్యవధి కూడా ఉండదు.

ఇక మన పెద్దాయనకు జవాబు. 1982 జనవరి 18న ముంబయి గిర్ని సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షల మంది అందులో ఉన్నారు. తర్వాత గిర్నీలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కార్మికులు కొత్త పని నేర్చుకున్నారనా మూతపడ్డాయి? కాదే! చేతిలో రెండో పని లేని వాళ్లే వాచ్‌మన్లయ్యారు, కూరగాయల బండ్లు తోశారు. పని నేర్చుకోవడం లొంగిపోవడం కాదు, కాకా. "ఈ అతుకు పాస్ కాదు" అని చెప్పగలిగిన వాడిని మరునాడు బదిలీ కార్మికుడితో మార్చెయ్యడం కష్టం.

అయితే నేర్పే పేరుతో జరుగుతున్న మోసాన్నీ ఖండించాలి. పది రోజులు మామూలు ఇనుము మీద ఆర్కు కొట్టించి, టైటానియం రంగులు ఫోటోలో చూపించి, సర్టిఫికెట్టు చేతిలో పెడితే అది చదువు కాదు. ఐ.టి.ఐ.లో వెల్డరు ట్రేడే ఏడాది. ఫోటో చూసి షేడు కలిపే వాడెవడైనా ఉన్నాడా? రంగు పుడుతుండగా చూడాలి, చెడగొట్టాలి, కోసి మళ్లీ చెయ్యాలి. ఆ తునకల ఖర్చు, గ్యాసు ఖర్చు యాజమాన్యమే భరించాలి.

మన డిమాండ్లు:

1. మెయింటెనెన్సులో వెల్డింగ్ చేసే వారిని హెల్పరు జీతంతో కాక, నిపుణుల గ్రేడులో చేర్చాలి.

2. టైటానియం మీదే, పనివేళల్లోనే, పూర్తి జీతంతో శిక్షణ ఇవ్వాలి.

3. ప్రతి అతుకు రంగును బ్రష్షు పెట్టక ముందే వెల్డరు, సూపర్‌వైజరు కలిసి చూసి పుస్తకంలో రాసి సంతకాలు పెట్టాలి.

4. చెడ్డ అతుకును కాదనే హక్కు వెల్డరుకు ఉండాలి. కాదన్నందుకు మెమో ఇవ్వకూడదు.

5. ట్యాంకు పనికి ఆక్సిజన్ మీటరు, బయట కాపలా మనిషి తప్పనిసరి.

సోదరులారా! వచ్చే గేటు మీటింగుకు ప్రతి ఖాతా నుంచి రండి. రాత్రి పూట రుద్దేసిన రంగుల లెక్క అడుగుదాం.

— ఒక మెయింటెనెన్సు ఖాతా కార్మికుడు