పెట్టె ముద్దు, పంపినమ్మ చేదు!

కువైట్ నుంచో, మస్కట్ నుంచో పెట్టె వచ్చిందంటే మా కోనసీమలో వీధి వీధంతా తెలిసిపోతుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, గోదావరి దాటితే నరసాపురం, పాలకొల్లు... ఎటు వెళ్లినా ఇదే ముచ్చట. నైలాన్ తాడు బిగించి కట్టిన అట్టపెట్టె, పైన పెద్ద పెద్ద అక్షరాలతో ఊరూ పేరూ. లోపల పాలపొడి డబ్బాలు, టైగర్ బామ్, సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరం, బాదంపప్పు, పువ్వుల రగ్గు. ఒకప్పుడైతే టేప్ రికార్డరు కూడా!

పంపకాలు అయ్యాక రెండో ముచ్చట మొదలవుతుంది. "ఇన్నిన్ని ఎలా కొంటోందో!", "అక్కడ ఏం చేస్తోందో ఎవరు చూడొచ్చారు?" ఆవిడ పంపిన సబ్బుతో మొహం కడుక్కుంటూనే ఈ మాటలు అనగలం మనం. అదే మగవాడు దుబాయ్ నుంచి పంపితే మాత్రం "పాపం, కష్టజీవి" అంటాం. ఎందుకీ తేడా?

ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు కూడా ఇదే కువైట్‌కి, హాంకాంగ్‌కి, సింగపూర్‌కి ఇంటిపనికి వెళుతున్నారు. వాళ్లూ పెట్టెలు పంపుతారు. దాన్ని 'బాలిక్‌బయాన్ పెట్టె' అంటారు. 'బాలిక్‌బయాన్' అంటే స్వదేశానికి తిరిగొచ్చేవారు అని అర్థం. బరువుని బట్టి కాకుండా పెట్టె సైజుని బట్టి ఓడ కిరాయి కడతారు. నెలల తరబడి కొంచెం కొంచెం కొని నింపి, క్రిస్మస్‌కి అందేలా పంపుతారు. 2015 ఆగస్టులో అక్కడి కస్టమ్స్ వాళ్లు పెట్టెలు విప్పి చూస్తామనేసరికి దేశమంతా గగ్గోలెత్తింది. చివరికి అధ్యక్షుడే ఆ పని ఆపించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది లక్షన్నర పెసోల విలువ వరకూ పన్ను లేకుండా చట్టం చేశారు. 1988లోనే అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో ఈ పనివాళ్లని 'నవ వీరులు' అన్నారు.

మరి మన దగ్గర? పోస్టులో, కొరియర్‌లో వచ్చే కానుకలకి ఉన్న సుంకం మినహాయింపుని 2019 డిసెంబరులో తీసేశారు. రాఖీలకీ, ప్రాణాలు కాపాడే మందులకీ మాత్రం ఉంచారు. ఆన్‌లైన్ కంపెనీలు కానుకల పేరుతో సరుకు పంపుతున్నాయని చేసిన కట్టడి అది. కానీ రెక్కల కష్టంతో కొని పంపే కానుకకీ అదే రూలు వర్తించింది. దాని మీద మన ఊళ్లలో ఎవరైనా గొంతెత్తారా?

ఈ చిన్నచూపు మన డెల్టాకి కొత్తేమీ కాదు. నరసాపురం లేసు వందేళ్లకి పైగా విదేశాలకి వెళుతోంది. దాన్ని అల్లే స్త్రీలని పనివాళ్లుగా కాక, తీరిక వేళ అల్లుకునే ఇల్లాళ్లుగానే లెక్కేశారని మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు. ఇంట్లో కూర్చుని సంపాదిస్తే అది సంపాదన కాదు, దేశం దాటి సంపాదిస్తే అనుమానం. ఇంక ఆడది ఎక్కడ సంపాదించాలి?

మా వీధిలో ఒకావిడ రెండేళ్లకి సెలవు మీద వచ్చింది. నాలుగు నెలల జీతం బకాయి. అయినా తోటివాళ్ల దగ్గర అప్పుచేసి పెట్టె నింపుకొచ్చింది. "ఉత్త చేతులతో వస్తే ఏమనుకుంటారండీ?" అంది. ఆమె వెళ్లేటప్పుడు చంకలో ఉన్న పిల్ల, వచ్చాక అమ్మని గుర్తుపట్టలేదు గానీ చాక్లెట్లని గుర్తుపట్టింది. ఆ పెట్టెలో ఎంత కష్టం ఉందో వేరే చెప్పాలా?

అందుకే నేననేది ఒకటే. ఫోన్ చేసినప్పుడు ఏం పంపాలో జాబితా చదవడం కాస్త తగ్గిద్దాం. "నీ జీతం నీ చేతికే వస్తోందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? వారానికొక రోజు సెలవిస్తున్నారా? వేళకి తింటున్నావా?" అని అడుగుదాం. కువైట్‌లోనే 2015లో చేసిన చట్టం ప్రకారం ఇంటిపని వాళ్లకి వారంలో ఒక రోజు సెలవివ్వాలి. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు. ఈ సంగతి మనకే తెలియకపోతే నాలుగు గోడల మధ్య ఉన్న ఆమెకి ఎవరు చెబుతారు? 2018లో ఒక ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం కువైట్‌లో ఫ్రీజర్‌లో బయటపడితే, ఆ దేశం తన వాళ్లని పంపడమే ఆపేసింది. పనివాళ్లు ఫోన్ తమ దగ్గరే ఉంచుకునేలా ఒప్పందం రాయించుకుంది. వెనక అడిగేవాళ్లు ఉంటేనే ఇవన్నీ జరుగుతాయి.

ఇంకో మాట. వచ్చిన డబ్బంతా ఇంటి గోడలకీ, ఆడపడుచు కట్నానికీ, మగవాళ్ల జల్సాలకీ పోతే, నడుం పడిపోయి తిరిగొచ్చిన రోజున ఆమెకి మిగిలేదేమిటి? నెలనెలా కొంతయినా ఆమె పేరు మీదే బ్యాంకులో పడాలి. కట్టే ఇల్లూ, కొనే స్థలమూ ఆమె పేరునే రాయించాలి. అత్తలూ, ఆడపడుచులూ, అక్కచెల్లెళ్లూ! ఈ మాట ఇంట్లో ఎత్తాల్సింది మనమే. ఏ పెట్టెలోంచీ ఏమీ అందుకోని వాళ్లు చెబితే ఎవరూ వినరు. అందుకున్నవాళ్లు చెబితే వింటారు.