పొగబండి చాటున కొళాయి

వానలు మొదలై జ్వరాలు ముసరగానే సమీక్షా సమావేశాల్లో మూడు మాటలు వినపడతాయి: ఫాగింగ్, పారిశుద్ధ్యం, అవగాహన. పత్రికల్లో మనం రాసే వ్యాసాలూ వాటి చుట్టూనే గానుగెద్దుల్లా తిరుగుతుంటాయి. నీళ్ల సరఫరా అన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. తిరుపతి, చిత్తూరు వీధుల్ని డెంగీ, చికున్‌గున్యా వదలకపోవడానికి మొదటి కారణం రోజూ రాని కొళాయి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 2006ను గుర్తు తెచ్చుకుంటే చాలు. 1973లో మహారాష్ట్రలోని బార్సీ తర్వాత దేశంలో పెద్దగా జాడ లేని చికున్‌గున్యా 2005 చివర్లో మళ్లీ లేచినప్పుడు, ముందుగా మంచం పట్టిన ప్రాంతాల్లో మన రాయలసీమ ఉంది. ఆ జ్వరం జనాన్ని ఎంత నష్టపరిచిందో లెక్కగట్టడానికి పరిశోధకులు ఎంచుకున్న ఊరు కడప జిల్లా మల్లెల. చికున్‌గున్యా లక్షణాలు, చికిత్స మీద తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ అల్లాడి మోహన్ రాసిన వ్యాసాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. 2006 ఒక్క ఏడాదిలోనే దేశం మొత్తం మీద అనుమానిత కేసులు దాదాపు 13.9 లక్షలు. మురుగు, బురదే ఈ రోగానికి మూలమైతే, వానకు మొహం వాచిన సీమలో దానికేం పని?

ఏడిస్ దోమకు మురుగుతో పని లేదు. కదలకుండా నిలిచిన మంచినీళ్లు కావాలి. నీళ్లు పట్టిపెట్టుకునే ఏ ఇంటి వెనకైనా చూడండి. పైభాగం కోసేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. మూత ఎప్పుడో పోయింది, దాని మీద చెక్కముక్కో పాత గోనెసంచో. లోపలి గోడకు, నీటిమట్టానికి కాస్త పైన, మసి చిలికినట్టు నల్లటి చుక్కలు. అవి గుడ్లు. నీళ్లు పారబోసినా గోడను వదలవు. ఎండిపోయి నెలల తరబడి అట్లాగే ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. వారం పది రోజుల్లో దోమ తయారు. అది ఎక్కువ దూరం పోదు. పుట్టిన ఇంటి చుట్టుపక్కలే, పట్టపగలే కుడుతుంది.

శుక్రవారం డ్రై డే అంటూ వీధిలోకి వచ్చే ఏఎన్ఎం చెప్పేదాంట్లో తప్పేమీ లేదు: వారానికోసారి తొట్లు ఖాళీ చేసి, రుద్ది కడగండి. కానీ గురువారం రాత్రి వచ్చిన కొళాయి మళ్లీ శనివారం గానీ రాదనుకోండి. శుక్రవారం పొద్దున్నే ఏ ఇల్లాలు నిండు డ్రమ్మును వంచుతుంది? "పారబోస్తే రేపటికి నువ్వు తెచ్చిస్తావామ్మా?" అని ఆమె అడిగితే ఏఎన్ఎం దగ్గర జవాబుండదు. ప్రజల్లో అవగాహన లేదనడం పచ్చి దొంగమాట. ఆమెకు అవగాహన ఉంది, రేపు నీళ్లు రావని.

చిత్తూరులో కథ ఇంకాస్త ముదిరింది. వేసవిలో ట్యాంకరు కొనక తప్పని పట్నం అది. డబ్బు పోసి కొన్న నీళ్లను సంపులో, సింటెక్స్‌లో, బిందెల్లో పది రోజులకు సరిపడా దాచుకుంటారు. పది రోజులంటే దోమకు ఒక తరం.

వియత్నాంలో మూడున్నర లక్షల జనాభా ఉన్న ప్రాంతాన్ని గమనించి 2011లో ప్రచురించిన అధ్యయనం చెప్పిందీ ఇదే. జనం ఒక మోస్తరు ఒత్తుగా ఉండి, కొళాయి నీళ్లు సరిగా అందని చోట డెంగీ చెలరేగింది. మనవాళ్లకు అంత దూరం వెళ్లే పని లేదు, 2006 ఇక్కడే ఉంది.

పొగ సంగతి చెప్పనక్కర్లేదు. అది ఎగిరే దోమకు తగిలితేనే చంపుతుంది. గుడ్డుకు, నీళ్లలో మెలికలు తిరిగే పురుగుకు ఏమీ కాదు. బండి వీధిలో తిరుగుతున్నప్పుడు ఏడిస్ మంచం కిందో, కొక్కేనికి వేలాడే బట్టల వెనకో కూర్చుని ఉంటుంది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, పొగ ఫొటోలో బాగా పడుతుంది.

2016లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్లు దోమలపై దండయాత్ర అన్నారు. 2025లో కృత్రిమ మేధ వచ్చింది. ఆరు నగరాల్లో 66 చోట్ల సెన్సర్లు పెట్టి, దోమ ఏ జాతిదో, ఆడదో మగదో కనిపెట్టి, డ్రోన్లతో మందు కొడతామని ప్రకటించారు. విజయవాడకు 28, విశాఖకు 16. తిరుపతి ఆ జాబితాలోనే లేదు. లేనందుకు నాకేమీ దిగులు లేదు. వంటింటి వెనక గోనెసంచి కప్పిన డ్రమ్ములోకి డ్రోన్ ఎలాగూ తొంగి చూడలేదు.

1960లలో కాకినాడ, రాజమండ్రి, విశాఖల్లో కూడా చికున్‌గున్యా వచ్చిన మాట నిజం. టైర్లు, కొబ్బరి చిప్పలు, కట్టుబడి స్థలాల్లో నిలిచే నీళ్లూ దోమల్ని పెంచుతాయి. తిరుమల కొండకు రోజూ వచ్చే వేలాది యాత్రికుల్లో ఎవరో ఒకరి రక్తంలో వైరస్ కూడా రావచ్చు. అలా వచ్చినదాన్ని ఇంటింటికీ పంచేది మాత్రం మన డ్రమ్ములే. యాత్రికుణ్ణి ఆపలేం, కొళాయి తిప్పగలం.

కల్యాణి డ్యాం, తెలుగుగంగ రెండూ ఉన్న తిరుపతిలో రోజు మార్చి రోజు కొళాయి ఎందుకని అడిగితే ఇంజినీర్లు పైపులైన్ల లెక్కలు చెబుతారు. జ్వరాల గురించి అడిగితే ఆరోగ్య విభాగం దోమల లెక్కలు చెబుతుంది. ఒకరి ఫైలు ఒకరు చూడరు. ఏ వార్డుకు ఎన్ని గంటలకోసారి నీళ్లు వదులుతున్నారో, ఏ వార్డులో ఎన్ని డెంగీ, చికున్‌గున్యా కేసులు తేలాయో ఒకే కాగితం మీద ఎదురెదురుగా అచ్చు వేయండి. రెండు కార్పొరేషన్ల కమిషనర్లూ తలచుకుంటే ఒక పూట పని. అది చేయకుండా ఈ ఏడాది కూడా ఫాగింగ్ బిల్లు మీద సంతకం పెడితే, పొగ దోమలకు పెడుతున్నారో జనం కళ్లకు పెడుతున్నారో వాళ్లే చెప్పాలి.