పార్కు వేసే ముందు నేలను చూడండి



బెంగళూరులోని పీణ్య–జలహళ్లి ప్లాంటేషన్ స్థలం గురించి వస్తున్న వార్తలను వదలకుండా చదువుతున్న పీణ్య వాసిని. ఎక్కడ చూసినా ఎకరాల లెక్క, చెట్ల లెక్కే కనిపిస్తున్నాయి. నేలలో బతికే ప్రాణుల ఊసు ఎవరూ ఎత్తడం లేదు. ఆ స్థలం చివరికి ఎవరి చేతికి వచ్చినా సరే, అక్కడ పచ్చిక పరిచి, సిమెంటు ఇటుకలు పేర్చి పార్కు చేసే ముందు చీమల లెక్క తీయించాలనీ, కొంత నేలను అసలు కదిలించకుండా వదిలేయాలనీ నేను కోరుతున్నాను. ఇంతమందికి పనికొచ్చే పార్కు ముందు చీమల గోల ఏమిటని కొట్టిపారేయకుండా ఈ ఉత్తరం చివరిదాకా చదవమని మనవి.

విషయం తెలియని పాఠకుల కోసం ముందు నాలుగు మాటలు. ఈ 599 ఎకరాలను మైసూరు సంస్థానం కాలంలో, 1896లో అటవీ భూమిగా నోటిఫై చేశారు. ఆ నోటిఫికేషన్ రద్దు కాకుండానే 1960లలో స్థలం హెచ్‌ఎమ్‌టీ కంపెనీ చేతికి వెళ్లింది. 2024లో రాష్ట్ర అటవీ మంత్రి ఈశ్వర్ ఖండ్రే దాన్ని వెనక్కి తీసుకోమని ఆదేశించారు. లాల్‌బాగ్, కబ్బన్ పార్కుల మాదిరిగా ఉత్తర బెంగళూరుకు ఊపిరి పోసే చోటుగా దాన్ని తీర్చిదిద్దాలన్నారు. అదే ఏడాది ఒక సినిమా సెట్టు కోసం అక్కడ చెట్లు కొట్టారన్న గొడవ కూడా రేగింది. నేను పరిశ్రమలకు వ్యతిరేకిని కాను. నాకు అన్నం పెట్టిన పని పీణ్యలో ఒక చిన్న వర్క్‌షాపులో, హెచ్‌ఎమ్‌టీ లేతు మీదే నేర్చుకున్నాను. ఆ కంపెనీ అంటే నాకు ఇప్పటికీ గౌరవమే. స్థలం ఎవరిదన్నది ప్రభుత్వాలూ కోర్టులూ తేలుస్తాయి. నేల సంగతి మాత్రం ఎవరో ఒకరు ఇప్పుడే మాట్లాడాలి. ఒకసారి పొక్లెయిన్ దిగాక మాట్లాడి లాభం లేదు.

చీమలంటే మనకు తెలిసినవి నాలుగైదు రకాలు. చక్కెర డబ్బాకు పట్టేవి, కాలు పెడితే మండేలా కుట్టే ఎర్రచీమలు, మామిడి ఆకులు కుట్టి గూడు కట్టేవి, గోడవారగా పోయే నల్లటి గండుచీమలు. 2016లో అచ్చయిన భారతీయ చీమల జాబితా ప్రకారం మన దేశంలో నమోదైన జాతులూ ఉపజాతులూ కలిపి 828. వాటిలో మన దక్షిణాదిలో ఉండే పెద్ద వేటచీమ ఒకటుంది. శాస్త్రీయ నామం హార్పెగ్నాథోస్ సాల్టేటర్. ఇంగ్లిషులో జెర్డన్ పేరు కలిపి జంపింగ్ యాంట్ అంటారు. నేను గెంతుచీమ అని రాస్తాను.

ఈ జెర్డన్ తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో డాక్టరు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేస్తూ, యానాదుల దగ్గర పక్షుల, జంతువుల వివరాలు సేకరించాడు. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన కలివికోడికి ఇంగ్లిషులో ఉన్నది ఆయన పేరే. 1851లో ఆయన మద్రాసు నుంచి వెలువడే ఒక పత్రికలో దక్షిణ భారతంలోని చీమల జాబితా అచ్చు వేయించాడు. గెంతుచీమకు జాతి పేరూ, దాని ప్రజాతి పేరూ పెట్టింది ఆ వ్యాసంలోనే. ఏడేళ్ల తర్వాత ఫ్రెడరిక్ స్మిత్ అనే ఆయన ఇదే ప్రజాతికి డ్రెపనోగ్నాథస్ అని మరో పేరు పెట్టాడు. ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి జెర్డన్ పేరే నిలిచింది.

గెంతుచీమ పెద్దదే, అయినా గండుచీమకు చుట్టం కాదు. గండుచీమకు కొండి ఉండదు. అది దవడలతో కొరికి, ఆ గాటులో ఆమ్లం చిమ్ముతుంది. గెంతుచీమ పోనెరినే అనే వేరే ఉపకుటుంబానికి చెందింది. దానికి కొండి ఉంది, కొండిలో విషం ఉంది. దేవరాయనదుర్గ అడవిలో దీన్ని దగ్గర నుంచి చూశాను. ఎర్రటి గోధుమ రంగు ఒళ్లు, తలకు ముందు పొడవుగా సాగి పైకి వంగిన దవడలు, చీమకు ఇంత కళ్లేమిటి అనిపించే పెద్ద కళ్లు. నేను వంగి చూస్తుంటే అది కదలడం మానేసి తల నా వైపు తిప్పింది. ఇంకాస్త వంగేసరికి ఉన్నచోటు నుంచి ఎగిరి బెత్తెడు దూరంలో ఎండుటాకుల మీద పడింది. ప్రమాదం నుంచి తప్పించుకోవడానికి పది సెంటీమీటర్ల దాకా, వేట మీదికైతే అంతకంటే తక్కువ దూరం దూకుతుంది. బారులు తీరి పోయే అలవాటు దీనికి లేదు. పగటిపూట ఒంటరిగా, కంటిచూపుతోనే వేటాడుతుంది. దొరికిన పురుగును చంపదు. కొండితో కుట్టి, కాళ్లు పడిపోయేలా చేసి, ప్రాణంతోనే గూటికి మోసుకుపోతుంది.

ఆ గూడే నా వాదనకు అసలు ఆధారం. 1994లో క్రిస్టియన్ పీటర్స్, బెర్ట్ హోల్‌డాబ్లర్, మార్క్ మాఫెట్‌లతో కలిసి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన టి.ఎం. ముస్తాక్ అలీ దీని గూటి నిర్మాణాన్ని వివరిస్తూ ఒక వ్యాసం వెలువరించారు. నేల లోపల ఒకదాని మీద ఒకటిగా గదులు. వాటిపైన దళసరి కమాను పైకప్పు. గదుల బయటి గోడకూ చుట్టూ ఉన్న మట్టికీ మధ్య ఖాళీ జాగా. వాన నీరు ఆ ఖాళీలోంచి కిందికి జారిపోతుంది, పిల్లలున్న గదుల్లోకి రాదు. పిల్లచీమలు బయటికి వచ్చాక మిగిలిన పట్టుగూళ్ల ముక్కలను గది గోడలకు లోపలి వైపు అతికిస్తాయి, మనం ఇంటి గోడకు వాల్‌పేపరు వేసుకున్నట్టు. చెత్తకు విడిగా ఒక గది. ఒక్కో గూట్లో ఉండేవి నూరులోపు చీమలే ఎక్కువ. అంత తక్కువ మంది కలిసి ఇంత కట్టాలంటే ఎంతకాలం పడుతుందో ఆలోచించండి.

1995లో పీటర్స్, హోల్‌డాబ్లర్ ఇంకో సంగతి వివరించారు. చాలా చీమల్లో రాణి చస్తే గూడు కథ ముగిసినట్టే. ఇక్కడ అలా కాదు. రాణి పోగానే కూలిచీమలు ఎదురెదురుగా నిలబడి మీసాలతో కొట్టుకుంటాయి. ఆ పోటీ రోజుల తరబడి, ఒక్కోసారి నెల దాటి సాగుతుంది. గెలిచిన కొన్ని చీమలు మగచీమలతో జతకట్టి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. తగని సమయంలో గుడ్లు పెట్టబోయిన చీమను తోటివే పట్టుకుని కదలనివ్వకుండా ఆపేస్తాయి. దూకుడు జాతి అని పేరున్నా, ఆ దూకుడు ఒక కట్టుబాటు లోపలే సాగుతుంది. అయితే ఇలా గుడ్లు పెట్టే కూలిచీమలు బయటికి వెళ్లి కొత్త గూడు పెట్టవు. గూడు రెండుగా చీలదు. కష్టపడి కట్టుకున్న ఆ ఇంటిని తరతరాలుగా నిలుపుకోవడమే వాటి పని. కొత్త గూడు కావాలంటే రెక్కలున్న రాణి ఒంటరిగా ఎగిరి వచ్చి, తానే వేటాడుతూ మొదటి నుంచీ కట్టుకోవాలి. అంటే చదును చేసిన నేల మీదికి ఈ చీమ అంత తేలిగ్గా తిరిగి రాదు. కొట్టేసిన చెట్టుకు బదులు మొక్క నాటవచ్చు. తవ్వేసిన గూటికి బదులు ఏం పెడతాం?

మన కర్ణాటక నుంచి వెళ్లిన ఈ చీమలనే అమెరికా ప్రయోగశాలల్లో పెంచుతున్నారు. 2010లో ప్రపంచంలో మొట్టమొదటిసారిగా జన్యుపటం పూర్తయిన రెండు చీమల్లో ఇదొకటి. మామూలు కూలిచీమ ఏడు నెలలు బతికితే, గుడ్లు పెట్టే దశకు మారింది నాలుగేళ్ల దాకా బతుకుతుంది. అలా మారేటప్పుడు దాని మెదడు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. తిరిగి కూలిచీమగా మారిస్తే ఆ మెదడు మళ్లీ పెరుగుతుందని 2021లో తేల్చారు. ముసలితనం గురించీ, మెదడు గురించీ తెలుసుకోవడానికి ప్రపంచం ఈ చీమను శ్రద్ధగా చూస్తోంది. దాని సొంత నేల మీద మనం కనీసం లెక్క తీయకపోతే ఎలా?

చీమలు ఎక్కడైనా బతుకుతాయిలే అనేవాళ్లున్నారు. నేలను చెదరగొడితే ఎక్కడైనా బతికే చీమలే మిగులుతాయి, నా భయం అదే. పసుపు పిచ్చి చీమ అలాంటిది. గూళ్ల మధ్య ఎల్లలు లేకుండా కోట్ల సంఖ్యలో పెరుగుతుంది. 2022లో తమిళనాడు దిండిగల్లు జిల్లా కరంతమలై కొండల దగ్గరి పల్లెల్లో అవి పశువుల మీద, మనుషుల మీద పడి ఊళ్లవాళ్లను బెంబేలెత్తించాయి. హిందూ మహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో కోటికి పైగా ఎర్ర పీతలను చంపాయి. గెంతుచీమలాంటి వేటచీమలు తమ తావుల్లో తాము ఉండే నేల కావాలో, పిచ్చి చీమలే మిగిలే నేల కావాలో మనమే ఎంచుకోవాలి.

పిల్లలు ఆడుకునే చోట కుట్టే చీమలేమిటని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. కానీ ఈ చీమ గుంపుగా మీద పడేది కాదు, మనిషిని చూస్తే దూకి తప్పుకునేది. దాని గూళ్లుండే చోటు నడకదారి కాకుండా చూస్తే చాలు. జనానికి పార్కు వద్దని నేను అనడం లేదు. పొద్దున్నే నాలుగడుగులు వేయడానికి పీణ్యవాళ్లకు చోటు కావాలి. అందుకు స్థలంలో ఇప్పటికే రోడ్లు పడినచోట, కట్టడాలు లేచినచోట నడకదారులూ ఆటస్థలాలూ చేయండి. రాలిన ఆకును ఊడ్చి కాల్చే పద్ధతి మానండి. పురుగుమందు చల్లకండి. మట్టి కదలని భాగాలను కంచె వేసి అలాగే ఉంచండి.

ఆ స్థలంలో గెంతుచీమ ఉందో లేదో తేలాలంటే ముందుగా లెక్క తీయండి. దానికి ఖర్చు చాలా తక్కువ. రెండు వందల మీటర్ల గీత మీద పది మీటర్లకొకటి చొప్పున ఇరవై గ్లాసులు అంచు నేలతో సమంగా ఉండేలా పాతి రెండు రోజులు ఉంచడం, అదే గీత మీద చదరపు మీటరు చొప్పున ఎండుటాకు ఏరి జల్లించడం ప్రపంచమంతా పాటిస్తున్న పద్ధతి. చీమలను గుర్తుపట్టగల వాళ్లు బెంగళూరులోనే ఉన్నారు. వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పీణ్యకు దగ్గరలోనే ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థలు తమ పరిధిలోని జీవజాతుల రిజిస్టరు రాయాలి. పీణ్య రిజిస్టరులో చెట్లూ పక్షులతోపాటు చీమలకూ పేజీలు కేటాయించాలి.

జెర్డన్ పేరున్న పక్షి కోసం కడప జిల్లాలో తెలుగు గంగ కాలువ దారే మార్చారు. ఆయన పేరు పెట్టిన చీమ కోసం ఎవరూ కాలువలు మళ్లించనక్కరలేదు. అటవీ శాఖ పార్కు నక్షా గీసే ముందు ఈ లెక్క తీయించి, దాన్ని జనం ముందు పెట్టి, ఆ తర్వాతే టెండరు పిలవాలి. ఈ ప్రశ్నను అధికారుల ముందుకు తీసుకువెళ్లమని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పీణ్య రెండో స్టేజి, బెంగళూరు